ఎండలో వైపర్లు

ఏడు కొట్టేసరికి ఆస్పత్రిలో రక్తం తీసే గది తెరుస్తారు. ఏడుంపావుకల్లా గోల మొదలవుతుంది. మనుషులు మాత్రం పాపం నిద్రమొహాలతో, చొక్కా చేతులు మడుచుకుని, బుద్ధిగా వరసలో కూర్చుంటారు. గోలంతా గొట్టాలది. ఒంట్లోంచి గాజు గొట్టంలోకి దిగిన రక్తం ఓ గంటసేపు తన మనిషి చేసే పని చప్పుడు చేస్తుంది కదా మరి. వడ్రంగి రక్తం రంపం కోస్తుంది. దర్జీ రక్తం మిషను కుడుతుంది. రిటైరైన లెక్కల మేష్టారి రక్తమైతే ఎక్కాలు చదువుతుంది, అదీ ఎదురుగా ఎవడో తప్పు చెప్పినట్టు విసుక్కుంటూ. అలాంటివి ఇరవై గొట్టాలు ఒక ట్రేలో పెట్టుకుని ల్యాబుకి మోసుకెళ్ళే ఆయా, చెవుల్లో దూది పెట్టుకుంటుంది.

ల్యాబులో టెక్నీషియన్ మాత్రం దూది పెట్టుకోడు. పెట్టుకుంటే ఉద్యోగం పోతుంది. రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా "గొంతు సరిపోయింది" అని ఒక గడి ఉంటుంది. గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని, చీటీ మీద పేరు చూసి, రెండూ కుదిరితే టిక్కు పెట్టి మిషన్లో పెడతాడు. పద్దెనిమిదేళ్ళలో ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద పోలేదని ఆయనకి మహా గర్వం. ఆ గర్వం వల్లే ఓ మంగళవారం కొంప మునగబోయింది.

ఆ ఆస్పత్రి మూడో అంతస్తులో రక్త క్యాన్సర్లకి ఒక కొత్త మందు పరీక్షిస్తున్నారు. మందుకింకా పేరైనా లేదు, డబ్బా మీద రెండక్షరాలూ మూడంకెలూ ఉంటాయంతే. మనుషులకి ఇవ్వడం ఇదే మొదలు గనక మెట్టు మెట్టుగా పోతున్నారు. మొదటి మెట్టులో ముగ్గురికి చిటికెడు మందు. వాళ్ళు తట్టుకుంటే తర్వాతి ముగ్గురికి ఇంకాస్త. ఒకరికి గట్టి దెబ్బ తగిలితే అదే మెట్టులో ఇంకో ముగ్గురిని చేర్చుకుని చూస్తారు. ఆరుగురిలో రెండో మనిషికీ దెబ్బ తగిలితే ఆ మెట్టు మూసేసి కిందకి దిగుతారు. కింద మూడు మెట్లలోనూ మందు ఎవరినీ బాధపెట్టలేదు, ఎవరి జబ్బునీ కదిలించలేదు. నాలుగో మెట్టులో లెక్కల మేష్టారికి కాలేయం వాచింది. మందు ఆపాక మనిషి కోలుకున్నాడు గానీ, ఒక దెబ్బ లెక్కలోకి పోయింది.

ఆ నాలుగో మెట్టులో ఆరో మనిషి సిటీ బస్సు నడిపే ఆవిడ. వార్డులో అందరూ డ్రైవరమ్మ అనేవారు. అప్పటికే రెండు రకాల మందులు వాడారు, రెండూ ఆమె జబ్బుకి లొంగిపోయాయి. ఈ మందు కాకపోతే తన దగ్గర ఇంకోటి లేదని ట్రయల్ చూసే డాక్టరమ్మ ముందే దాపరికం లేకుండా చెప్పింది.

డ్రైవరమ్మకి తోడుండేది అత్తగారు. కొడుకు ఫ్యాక్టరీ, పిల్లల బడి చూసుకుంటే, ఆస్పత్రి తన వంతని పెద్దావిడ తేల్చేసింది. పన్నెండేళ్ళు కోడలి బస్సులోనే, ముందు సీట్లో కూర్చుని మార్కెట్టుకి వెళ్ళొచ్చిన మనిషి. బ్రేకు ఎక్కడ వెయ్యాలో చెబుతూ కూర్చునేది.

"అత్తయ్యా, ఇంటికెళ్ళి ఓ గంట నడుం వాల్చండి."

"నువ్వు లేచి నడువు, అప్పుడు వాలుస్తా. ఇప్పుడు మాట్లాడకుండా ఆ పాలు తాగు."

మందు మొదలైన తొమ్మిదో రోజు ఆ మంగళవారం. కుడిచేతికి సెలైన్ ఎక్కుతోంది. ఎడమచేతి నరాలు నెలల తరబడి సూదులు తిని ముడుచుకుపోయాయి. పొద్దున్నే రక్తం తియ్యడానికొచ్చిన కొత్త నర్సు ఎడమచేతిలో రెండుసార్లు గుచ్చింది. చుక్క రాలేదు. మూడోసారి సూది పట్టుకోగానే డ్రైవరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ మొహం చూసి నర్సు మనసు కరిగిపోయింది. సెలైన్ గుచ్చిన చోటికి జానెడు పైన, కుడిచేతిలోనే, ఉబ్బిన నరమొకటి కనబడింది. ఒక్క పోటుకి గొట్టం నిండింది. నిండదా మరి, సగం సెలైన్ నీళ్ళే. సెలైన్ ఎక్కే చేతిలోంచి రక్తం తియ్యకూడదని నర్సులందరికీ మొదటి నెల్లోనే నేర్పుతారు. జాలి ముందు ఆ పాఠం గుర్తుకి రాలేదు.

ల్యాబులో టెక్నీషియన్ గొట్టం చెవి దగ్గర పెట్టుకున్నాడు. పక్కన వడ్రంగి రంపం, వెనక మిషను కుట్టు. అంత గోలలోనూ బస్సు ఇంజను వినబడింది. డ్రైవరమ్మే, అనుకుని టిక్కు పెట్టేశాడు.

తొమ్మిదింటికి రిపోర్టు చూసి డాక్టరమ్మ మొహం పాలిపోయింది. నిన్న ఎనిమిదీ పాయింటు ఆరున్న హిమోగ్లోబిన్ ఇవాళ ఐదూ పాయింటు ఒకటి. రక్తం గడ్డకట్టించే కణాలు సగానికి పడిపోయాయి. లోపలెక్కడో రక్తం కారుతుండాలి.

"కడుపులో నొప్పేమైనా ఉందా అమ్మా?"

"లేదండీ."

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"నిన్నటికంటే బానే ఉంది. ఆకలి కూడా వేసింది."

బీపీ చూస్తే బాగానే ఉంది. డాక్టరమ్మకి ఏమీ పాలుపోలేదు. అయినా మనిషిని కాపాడుకోవాలి గనక సెలైన్ జోరు పెంచమంది, స్కానింగుకి రాసింది, రక్తం మళ్ళీ తీసి పంపమంది. నర్సు కంగారులో మళ్ళీ ఆ ఉబ్బిన నరంలోనే గుచ్చింది.

డాక్టరమ్మ అత్తగారిని వరండాలోకి తీసుకెళ్ళి ఉన్నమాట చెప్పింది. "పన్నెండింటికి భద్రతా సంఘం కూర్చుంటుందండీ. రెండో రిపోర్టూ ఇలాగే వస్తే ఇది రెండో దెబ్బ కింద లెక్క. ఈ మెట్టు మూసేస్తారు. మీ కోడలికి మందు ఆపెయ్యాలి."

"ఆపితే?"

"నా దగ్గర ఇంకో మందు లేదని ముందే చెప్పాను కదండీ." పెద్దావిడ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయా స్కానింగు కాగితాలు పట్టుకుని వెళ్ళింది, రెండో గొట్టం బల్ల మీదే ఉంది. "ఇటివ్వమ్మా, నేను పట్టుకెళ్తా," అంది పెద్దావిడ నర్సుతో.

గొట్టాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని మెట్లు దిగుతోంది. ఇంజను కోడలిదే. మలుపుల్లో గేరు మార్చే తీరూ కోడలిదే. కానీ ఇంకేదో చప్పుడు. మెట్ల మధ్యలో ఆగి గొట్టాన్ని చెవికి ఆనించుకుంది. టప్పు, టప్పు, టప్పు, టప్పు. ఆ చప్పుడు ఆవిడకి తెలుసు. వానాకాలాలు పన్నెండు ఆ ముందు సీట్లోనే కూర్చుని విన్నది.

ల్యాబు కిటికీ దగ్గరికి ఎలా వెళ్ళిందో ఆవిడకే తెలీదు.

"బాబూ, ఇది మా కోడలి బస్సే. కానీ వానలో పోతోంది. వైపర్లు ఆడుతున్నాయి."

"పెద్దమ్మా, నేనిప్పుడు చాలా తొందరలో..."

"బయట ఎండ మండిపోతోంది నాయనా! దీనికి వైపర్లెందుకు?"

టెక్నీషియన్ గొట్టం అందుకున్నాడు. ఇప్పుడు ల్యాబులో వేరే గొట్టాలు లేవు. ఇంజను. దాని వెనకే, ఆగకుండా, కుంభవృష్టిలో ఆడే వైపర్లు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పొద్దున టిక్కు పెట్టిన గడి వైపు చూశాడు.

"సెలైన్ ఏ చేతికి ఎక్కుతోంది?"

"కుడిచేతికి."

"రక్తం ఏ చేతిలోంచి తీశారు?"

"కుడిచేతిలోంచే..." అంటూనే పెద్దావిడకి సంగతి అర్థమైంది. ఆవిడ వయసుకి ఆ మెట్లు అంత వేగంగా ఎక్కడం మంచిది కాదు. టెక్నీషియన్ ఆవిడ్ని దాటలేకపోయాడు.

మాట వినగానే నర్సు బావురుమంది. "నేనే... నేనే చేశానండీ. గుచ్చలేక..."

"ఏడుపు తర్వాత," అంది డ్రైవరమ్మ, ఎడమచెయ్యి చాపుతూ. "ఎన్నిసార్లైనా గుచ్చు. ఈసారి కళ్ళు మూసుకోను."

సెలైన్ ఆపేశారు. చంటిపిల్లలకి వాడే సన్న సూది తెచ్చి, డ్రైవరమ్మ ఎడమచేతి బొటనవేలి కిందున్న నరంలో నర్సు నెమ్మదిగా దింపింది. అప్పటికి పదకొండూ పది. రక్తం చుక్కచుక్కగా దిగింది. గొట్టం సగమైనా నిండకముందే వార్డంతా వినబడింది. పొడి రోడ్డు మీద, ఖాళీ బస్సు, హాయిగా మూడో గేరులో పోతోంది.

"ఇదీ మా పిల్ల!" అంది పెద్దావిడ, వార్డులో అందరూ వినేట్టు.

పదకొండూ ముప్పావుకి రిపోర్టు వచ్చింది. ఎనిమిదీ పాయింటు ఐదు. ఒంట్లో ఎక్కడా రక్తం కారడం లేదు. డాక్టరమ్మ రెండు రిపోర్టులూ పట్టుకుని సంఘం ముందుకెళ్ళి, జరిగిన తప్పు దాచకుండా చెప్పింది. సంఘంలో పెద్దాయన మొదటి గొట్టం గురించి టెక్నీషియన్ని పిలిపించి, ఇంజనొక్కటే విని ఊరుకున్నందుకు చెడామడా చివాట్లు పెట్టాడు. టెక్నీషియన్ తలొంచుకుని పడ్డాడు. మర్నాడు రిజిస్టరులో గొంతు గడి పక్కన స్కేలు పెట్టి ఇంకో గడి గీశాడు: "వాన ఉందా, లేదా." నాలుగో మెట్టు మాత్రం మూయలేదు. సాయంత్రం వేళకి డ్రైవరమ్మకి తన మందు అందింది.

ఇరవై ఎనిమిదో రోజున ఎముక లోపలి మూలుగ తీసి పరీక్షకి పంపారు. మందుకి ముందు అందులో నూటికి అరవై రెండు చెడ్డ కణాలు. ఈసారి డాక్టరమ్మ ఫలితం పట్టుకుని నడిచి రాలేదు, దాదాపు పరిగెత్తింది.

"మూడు," అంది, ఆయాసపడుతూ. "నూటికి మూడు! ఐదు లోపుంటే మామూలు మనిషి కిందే లెక్క. జబ్బు పూర్తిగా పోయిందని నేనిప్పుడే అననండీ, వెనక్కి తగ్గింది."

"వెనక్కి తగ్గితే చాలు, తరమడం మేం చూసుకుంటాం," అంది పెద్దావిడ. అని, కోడలి తల గుండెలకి హత్తుకుని గట్టిగా ఏడ్చింది. డ్రైవరమ్మ కూడా ఏడ్చింది. పక్క మంచాల వాళ్ళు చప్పట్లు కొట్టారు. అంత సంతోషం ఆ అంతస్తు ఎప్పుడూ చూడలేదు.

కింది మెట్లలో మందు తీసుకుని, గుణం కనబడక, ఇళ్ళ దగ్గర ఎదురుచూస్తున్నవాళ్ళు ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళందరికీ నాలుగో మెట్టు మోతాదు ఇవ్వడానికి సంఘం ఒప్పుకుంది. వాళ్ళకి ఫోన్లు చేసే పని ఆ కొత్త నర్సు అడిగి మరీ తీసుకుంది. మొదటి ఫోనులో ఆమె గొంతు ఒణికింది, తొమ్మిదో ఫోనుకి బొంగురుపోయింది. తొమ్మిది మందీ రేపే వస్తామన్నారు.