ఇరవైకి ఇరవై

మూడో నంబరు ట్యాంకులోంచి ఫిట్టర్ని బయటికి లాగేసరికి పదకొండున్నర అయింది. నడుముకి ఉండాల్సిన తాడు లేదు. చొక్కా పట్టుకుని, చంకలు పట్టుకుని, అవీ జారిపోతే జుట్టు పట్టుకుని లాగారు. ఎక్కడా రక్తం లేదు, కాలిన మచ్చ లేదు. ట్యాంకులో గాలి లేదు, అంతే. నేల మీద పడుకోబెడితే, అన్నం తిని కునుకు తీస్తున్నవాడిలా ఉన్నాడు.

ట్యాంకు మూతి దగ్గర కాపలా ఉన్నది వదిన. కాంట్రాక్టు కూలీలందరూ ఆమెను వదినా అనే పిలుస్తారు. ఆ పడుకున్నవాడికి మాత్రం ఆమె నిజంగానే వదిన. సొంత చెల్లెలి మొగుడు. ఈ పనిలో పెట్టించింది కూడా ఆమే.

ఆమె పని నిలబడటం. లోపలికి ఎవరు వెళ్ళారో, ఎన్నింటికి వెళ్ళారో రాసుకోవాలి. వాళ్ళు బయటికొచ్చేదాకా మూతి వదలకూడదు. మెడలో ఒక కార్డు, దాని మీద "గ్యాస్ పరీక్షలో శిక్షణ పొందిన వ్యక్తి" అని అచ్చు. భుజాన అరచేయంత పసుపురంగు మీటరు. ఆ మీటరు ఆ రోజు పదిన్నర నుంచీ కూస్తూనే ఉంది.

పనిలో చేరిన మొదటిరోజు మీటరు ఆన్ చేయగానే కూసింది. "ఇదేంటి మేస్త్రీ, అరుస్తోంది?" అని అడిగింది ఆమె. కాంట్రాక్టరు మేస్త్రి చేతిలో టీ చల్లారిపోతోంది. "కూస్తే పనిచేస్తోందని అర్థం తల్లీ. కూయకపోతే అప్పుడొచ్చి చెప్పు" అన్నాడు.

ఆమెకది సబబుగానే తోచింది. పాతికేళ్ళుగా కుక్కరు కూత వింటున్న మనిషి. కూస్తే లోపల ఉడుకుతోందని, కూయకపోతే ఏదో తేడా ఉందని ఆమె లెక్క. అందుకే, లోపల మరిది ఊపిరి ఆగిపోతున్న గంటసేపూ, మిషను బ్రహ్మాండంగా పనిచేస్తోందన్న ధీమాతో బయట నిలబడింది.

మధ్యాహ్నం కంపెనీ సేఫ్టీ ఆఫీసరు గదికి పిలిచారు. ఆయన చెడ్డవాడిలా లేడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, తర్వాత ఫైలు తెరిచి ఆమె శిక్షణ పరీక్ష కాగితం తీశాడు.

"ప్రశ్న ఏడు. మీటరు శబ్దం చేస్తే ఏం చేయాలి? లోపలున్నవాళ్ళని వెంటనే బయటికి రప్పించాలి అన్నదానికి టిక్కు పెట్టారు. సరైన జవాబు. మొత్తం ఇరవైకి ఇరవై. అంటే మీకు తెలుసు."

వదిన ఆ కాగితం వంక చూసింది. "ఈ టిక్కులు నావి కావండీ."

"సంతకం?"

"సంతకం నాదే."

ఆ సంతకం ఎక్కడ పెట్టిందో ఇప్పుడు గుర్తొచ్చింది. రేకుల షెడ్డులో ముప్పై నాలుగు మందిని కూర్చోబెట్టి, మేస్త్రి కాగితాల దొంతర తిప్పాడు. ఇక్కడో సంతకం, ఇక్కడో వేలిముద్ర. మొత్తం శిక్షణ పదకొండు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు పెన్ను వెతుక్కోవడానికి పోయాయి.

"మేం ఎవరినిపడితే వాళ్ళని లోపలికి రానివ్వమమ్మా," అన్నాడు ఆఫీసరు. "ప్రతి కాంట్రాక్టరునీ పరీక్షించి మార్కులేస్తాం. మీ కాంట్రాక్టరుకి నూటికి తొంభై ఎనిమిది."

"ఆ రెండూ ఎందుకు పోయాయండీ?" తెలుసుకుందామనే అడిగింది.

ఆయన పేజీలు తిరగేశాడు. "మరుగుదొడ్డి దగ్గర బోర్డు లేదని."

తర్వాత ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. అలారం విని కూడా నిర్లక్ష్యం చేశానని, మృతుడు కూడా శిక్షణ పొందినవాడేనని, ఇందులో కంపెనీ తప్పుగానీ కాంట్రాక్టరు తప్పుగానీ లేవని అందులో ఉంది. పక్కన పెన్ను కూడా సిద్ధంగా పెట్టారు. ఈసారి వెతుక్కునే పని లేదు.

వదిన ఆ కాగితాన్ని మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"చదివానండీ. పెట్టను."

"అయితే ఇక పోలీసులే చూసుకుంటారు. ఎల్లుండి నాలుగో ట్యాంకు తెరుస్తున్నాం. మీవాళ్ళందరికీ కార్డులున్నాయి కాబట్టి పని ఆగదు."

సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్ళింది. గది నిండా ఆడవాళ్ళు. చెల్లెలు గోడకానుకుని కూర్చుంది. అక్కని చూసి లేవలేదు, ఏడవలేదు.

"ఆఫీసువాళ్ళు వచ్చి కాగితం చూపించి వెళ్ళారు," అంది. "నీకు ఇరవైకి ఇరవై వచ్చాయటగా."

"నా మాట వినవే..."

"చిన్నప్పుడు లెక్కల్లో మూడుసార్లు తప్పావు. ఇందులో మాత్రం ఒక్కటీ తప్పలేదన్నమాట." గొంతు పెంచలేదు. "అది కూస్తుంటే విన్నావా, వినలేదా? అదొక్కటీ చెప్పు."

"విన్నాను."

చెల్లెలు మొహం గోడవైపు తిప్పుకుంది.

మర్నాడు పొద్దున రేకుల షెడ్డులో ముప్పై ముగ్గురు కూలీలూ చేరారు. కుర్రవాడైన వెల్డరు ఒక్కడే నిలబడ్డాడు. "గేటు పగలగొడదాం. ఆఫీసరుగాడి అద్దాలు పగలగొడదాం. చచ్చింది మనవాడు!"

"పగలగొట్టు," అన్నాడు రిగ్గరు తాత. బరువులెత్తే క్రేనుకి తాళ్ళు కట్టే పనిలో నలభై ఏళ్ళు గడిపిన మనిషి. "వాళ్ళకి వెనక ఇంకో గేటుంది. మనకే ఇంకో పొట్ట లేదు."

"అసలు మనకెందుకీ గొడవ?" మూలనుంచి ఒక హెల్పరు అన్నాడు. "వదిన ఆ సంతకం పెట్టేస్తే పోయేది. నాకు ముగ్గురు పిల్లలు. నేనేం చెయ్యను?"

"ఏం చెయ్యాలో బోర్డు మీద రాశారు, వెళ్ళి చూసుకో," అన్నాడు పెయింటరు. "నాలుగో ట్యాంకులోకి రేపు దిగేవాడి పేరు నీదేనట. నాకు చదువు రాదు, ఎవరో చదివి చెప్పారు."

హెల్పరు మళ్ళీ పిల్లల మాట ఎత్తలేదు.

"చదువు రాదా? నీకెన్ని మార్కులొచ్చాయేంటి?" అడిగింది వదిన.

పెయింటరు కార్డు తిప్పి చూపించాడు. "ఇరవైకి ఇరవై."

"నా సంగతి వినండి," అన్నాడు తాత. "ఎత్తులో పనిచేయడం నేర్చుకున్నానని నా కార్డు మీద తారీఖుంది. ఆ తారీఖున నేను కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాను. ఎత్తునుంచి పడేగా విరిగింది! మంచమే ఎత్తనుకున్నారేమో మహానుభావులు."

రెండు రోజుల్లో మొదటిసారి అందరూ నవ్వారు. వెంటనే తప్పుచేసినట్టు ఆగిపోయారు.

"మన మీద వాళ్ళ దగ్గరున్న సాక్ష్యం ఒక్కటే," అంది వదిన. ఆలోచిస్తూ మాట్లాడుతోంది. "మనకన్నీ తెలుసన్న కాగితం. తెలిసి చచ్చాడు, తెలిసి చంపింది. రేపు నువ్వు దిగినా, తెలిసే దిగాడంటారు. అందుకని పరీక్ష పెట్టమని అడుగుదాం. మళ్ళీ, అందరి ముందూ."

"పెడితే తప్పుతాం కదొదినా?"

"తప్పుదాం. తెలిసింది రాయండి. తెలియనిది తెలియదని రాయండి. ఒక్క అబద్ధం కూడా వద్దు, అది మేస్త్రి పని."

"సిగ్గుచేటు కాదూ?" అన్నాడెవరో.

"నేర్పకుండా దింపినవాళ్ళకి లేని సిగ్గు మనకెందుకురా?" అన్నాడు తాత.

పనివాడికి సిగ్గును తక్కువ చేయలేదు ఈ లోకం. చదువు రాకపోతే సిగ్గు, చొక్కా చిరిగితే సిగ్గు, అడిగితే సిగ్గు. ముప్పై ముగ్గురూ ఆ బరువు షెడ్డులో దించేసి, కంపెనీ గేటు ముందుకెళ్ళి నిలబడ్డారు. చావు గురించి విచారించడానికి పైఆఫీసు నుంచి ఇద్దరు తనిఖీవాళ్ళు ఆ రోజే వచ్చారు. పనివాళ్ళే వచ్చి మాకు పరీక్ష పెట్టండని అడుగుతుంటే కాదనడం ఎలాగో వాళ్ళకి తోచలేదు. ఆ పరిస్థితికి వాళ్ళ పుస్తకంలో నియమం లేదు.

గేటు ముందు రోడ్డు మీదే కాగితాలు పంచారు. చదవలేనివాళ్ళకి సేఫ్టీ ఆఫీసరే చదివి వినిపించాల్సి వచ్చింది.

"ట్యాంకులోకి దిగేముందు గాలిలో ఏమేం కొలవాలి?"

"తెలియదు సార్. నేర్పలేదు," అన్నాడు పెయింటరు.

"మీటరు శబ్దం చేస్తే?"

"నిన్నటిదాకా తెలియదు సార్. నిన్న తెలిసింది."

ఆఫీసరు కాగితం తిప్పి తర్వాతి ప్రశ్నకి వెళ్ళాడు.

లోపలికి వెళ్ళాలంటే ఇరవైకి పదహారు రావాలని కంపెనీ నియమం. ఎక్కువమందికి ఒకటి, రెండు వచ్చాయి. తాతకి ఆరొచ్చాయి. "క్షమించండ్రా, నలభై ఏళ్ళ పని. కొన్ని వద్దన్నా తెలిసిపోయాయి," అన్నాడాయన.

"కావాలని తప్పారు సార్ వీళ్ళు!" మేస్త్రి తనిఖీవాళ్ళ చుట్టూ తిరిగాడు.

"మరి పోయినసారి కావాలని పాసయ్యామా మేస్త్రీ?" అంది వదిన.

ఆ రోజు గేటు తెరుచుకోలేదు. ట్యాంకులన్నీ మూతులు మూసుకునే ఉన్నాయి.

మూడో రోజు పొద్దున్నే లారీ వచ్చింది. ఎక్కడినుంచో తెచ్చిన నలభై మంది కొత్త కూలీలు, ఆడా మగా. లారీ దిగకముందే వాళ్ళ మెడల్లో కార్డులున్నాయి. వెనకే పోలీసు జీపు వచ్చింది. నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమైందని వదిన పేరు చదివారు. తాత అడ్డం పడ్డాడు, వెల్డరు జీపు బానెట్ మీద చరిచాడు. "మీరు జీపు సంగతి వదలండి, లారీ చూడండి," అని వదిన తనే ఎక్కి కూర్చుంది.

కూలీలు లారీని చుట్టుముట్టారు. కాలనీ ఆడవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళ వెనక చెల్లెలు ఉంది. అక్కని చూడ్డానికి వచ్చిందో, తీసుకెళ్ళడం చూడ్డానికి వచ్చిందో ఆమెకే తెలియాలి.

తాత లారీ పక్క పట్టుకుని పైకి చూశాడు. అంచున ఒక పిల్ల కూర్చుంది, పెళ్ళై ఏడాది కూడా అయినట్టు లేదు. భుజాన పసుపురంగు మీటరు.

"నీ పనేంటమ్మా?"

"ట్యాంకు దగ్గర నిలబడటం తాతా. మా ఆయన లోపల కడుగుతాడు."

"అది కూస్తే ఏం చేస్తావు?"

"కూస్తే మంచిదేనట," అంది ఆ పిల్ల, పాఠం అప్పజెప్పినట్టు. "పనిచేస్తోందని అర్థమట. మేస్త్రిగారు చెప్పారు."

మేస్త్రి జేబులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. చెల్లెలు మనుషుల్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆ పిల్ల మొహంలోకి చూసింది. తర్వాత తలతిప్పి జీపులో ఉన్న అక్కని చూసింది. ఆ సాయంత్రం గోడవైపు తిరిగాక అక్క మొహం చూడటం అదే మొదలు.

"మా అక్కకీ అదే చెప్పారు," అంది.

మొదటిసారి ఎవరికీ సరిగా వినపడలేదు. మళ్ళీ చెప్పింది, ఈసారి గేటు లోపలివాళ్ళకి కూడా వినపడేలా. "మా అక్కకీ అదే చెప్పారు! మా ఆయన లోపల చచ్చిపోతుంటే, అది కూస్తుంటే, మా అక్క మంచిదేననుకుంది!"

లారీ మీది పిల్ల ముందు మొగుడి వంక చూసింది. మెడలోంచి కార్డు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అతను ముందు దిగి, ఆమెకి చెయ్యందించాడు. వాళ్ళ వెనక ఒకరు, ఆ వెనక నలుగురు, ఆ తర్వాత లెక్కపెట్టే వీలు లేకపోయింది.

చెల్లెలు జీపు ముందు రోడ్డు మీద కూర్చుంది. దిగినవాళ్ళు దిగినట్టే ఆమె పక్కన కూర్చున్నారు. వెల్డరు, పెయింటరు, ముగ్గురు పిల్లల హెల్పరు కూడా కూర్చున్నారు. తాత విరిగి అతికిన కాలు చాపుకుని, అందరికంటే ముందు చతికిలబడ్డాడు.

పోలీసాయన జీపు దిగి వచ్చాడు. "లేవండమ్మా. ఎంతసేపు కూర్చుంటారిలా?"

చెల్లెలు సేఫ్టీ ఆఫీసరు వైపు చూసింది. ఆయన గేటు అవతల ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆయనొచ్చి నేర్పేదాకా."