జెండా అవతలి అదురు

మా పెద్దబాపు కూతురు జమునక్క చేసే పరిశోధన మన ఒంట్లోని కణాన్ని చుట్టి ఉండే పల్చని పొర గురించి. ఆ పొరను వంచడానికి ఎంత బలం కావాలో కంప్యూటర్‌లో లెక్క కట్టాలి. పొరలోని అణువులు ఒకదాన్నొకటి లాగుతుంటాయి. దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గిపోతుంది. అందుకని అక్క ఒక హద్దు పెట్టుకుని, దాని అవతలి అణువుల లాగుడును లెక్కలోంచి తీసేసింది. అన్నీ కలిపితే కంప్యూటర్‌కు వారాలు పడతాయి.

తీరా లెక్కలో తేలిన పొర మెత్తగా ఉంది. ప్రయోగశాలల్లో కొలిచిన పొర అంతకంటే బిగువైనది. దగ్గరి లాగుడును కాస్త పెంచితే సరిపోతుందని, చాలామంది అలాగే చేస్తారని అక్క గైడ్ అచ్యుతరావు సార్ ఫోన్‌లో చెప్పారు. సోమవారం సమీక్ష. ఆలోపు లెక్క కలవకపోతే అక్క ఆ అంశాన్నే వదులుకోవాల్సి రావచ్చు.

ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో బల్ల దగ్గర లెక్క చూసుకుంటుండగా, ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో పేలుడుకు ముందు మోగే సైరన్ వినబడింది. నేను లేచి గూట్లోని గాజు గ్లాసులు కింద పెట్టాను. కమాన్‌పూర్‌లో మా ఇంట్లో అందరం చేసే పనే. పేలుడు వేళ ఎర్రజెండా పట్టుకుని మనుషుల్ని ఆపే డ్యూటీ పెద్దబాపుది. ఆ రోజు సెలవు కావడంతో ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"జెండా దాటినంక ఫికర్ లేదే పిల్లా. గీడిదాక రాయి వస్తదా?"

అక్క చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటూ పెరిగింది. గని వైపు నుంచి బాపు నిలబడ్డ చోటు దాటి వస్తే ఇక ఏమీ కాదు. లెక్కలో హద్దు పెట్టినప్పుడు కూడా అంతే ధీమాగా పెట్టానని తర్వాత నాతో అంది.

పేలింది. నేల అదిరి కిటికీ రెక్కలు గలగలమన్నాయి. అక్క బల్ల మీద అరచెయ్యి ఆనించి, అదురు ఆగేదాకా తియ్యలేదు.

"జెండా రాళ్లకు బాపు," అంది చివరికి. "అదురుకు కాదు."

"అదురు జెండా మాట వింటదా బిడ్డా," అన్నాడాయన.

దూరంగా ఉన్న ఒక్కో అణువు లాగుడు లెక్కలోకి రానంత చిన్నదేనని, కానీ అలాంటివి వేలకు వేలు ఉన్నాయని, పొర వంగబోతే అవన్నీ కలిసి అడ్డుపడుతున్నాయేమోనని అక్క నాకు వివరించింది. హద్దు తీసేసి లెక్క మళ్లీ మొదలుపెట్టింది. సోమవారానికి అది పూర్తి కాదని మా ఇద్దరికీ తెలుసు. ఇప్పటికి సార్ చెప్పినట్టు చేసి గట్టెక్కవచ్చు కదా అని అడిగాను.

"గట్ల కలిపితే ఎందుకు కలిసిందో నాకే తెల్వదు."

సమీక్ష ల్యాప్‌టాప్‌లోనే జరిగింది. మెత్తగా రావడానికి కారణం తాను పెట్టిన హద్దేనని నమ్ముతున్నట్టు అక్క చెప్పడం తలుపు దగ్గర నిలబడి విన్నాను. తెర మీద, అప్పటిదాకా అయిన లెక్కతో గీసిన కొత్త గీత పాతదానికంటే పైకి లేచింది. కొలిచిన విలువను మాత్రం ఇంకా అందుకోలేదు. పూర్తయ్యాక అందుకుంటుందా అని ఒకాయన అడిగాడు. తెలియదంది. నేనైతే అందుకుంటుందనే చెప్పేదాన్ని.

 అచ్యుతరావు సార్, ఆ లెక్క తేలేదాకా విభాగంలోని పెద్ద కంప్యూటర్‌ను అక్కకు వదిలేయమని పక్కవారితో అన్నారు. అక్క థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయి, ఏయే ఫైళ్లు పంపాలో అడగడం మొదలుపెట్టింది.