ఒకే పేరు, రెండు ఇళ్ళు

మా నాన్న పేరే ఉన్న ప్రముఖులు మా ఊళ్ళో ముగ్గురు. గాయకుడు మా నాన్న. రెండో ఆయన మల్లయోధుడు. మూడో ఆయన శాస్త్రవేత్త, ఎప్పుడో పోయారు కాబట్టి ఆయన కోసం ఫోన్లు రావు. మిగతా ఇద్దరి ఫోన్లూ ఒకరివి ఒకరింట్లో మోగేవి. "కుస్తీ నేర్పుతారా?" అని ఎవరైనా అడిగితే నాన్న, "నేర్పుతాను, ముందు గొంతు సవరించుకో," అనేవాడు. అమ్మ మాత్రం ఓపిగ్గా పహిల్వాన్ గారింటి నంబరు చెప్పేది. అలా ఇద్దరు ఆడవాళ్ళకీ ఫోనులోనే స్నేహం కుదిరింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నదే లేదు. ఇద్దరు మొగుళ్ళూ ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళే కదా, "మీ ఆయన అన్నం తిన్నారా?" అన్నదే వాళ్ళ మొదటి పలకరింపు.

ఆ మధ్యాహ్నం నాన్న పొరుగూళ్ళో కచేరీకి వెళ్ళాడు. నేను బట్టలు మడతపెడుతున్నాను. టీవీలో అడుగున అక్షరాలు పరిగెత్తాయి. మా నాన్న పేరు వేసి, ప్రముఖుడు గుండెపోటుతో కన్నుమూత అని. అంతే. గాయకుడో మల్లయోధుడో రాయాలన్న ఇంగితం కూడా లేదు వాళ్ళకి. ముందు వార్త వేసెయ్యాలి, తక్కినది తర్వాత! ఆ తొందర తగలబడ.

నాన్నకి నా సెల్లునుంచి మళ్ళీ మళ్ళీ చేశాను, ఆపేసి ఉంది. పాడేటప్పుడు ఎప్పుడూ ఆపేస్తాడు. ఆ సంగతి అమ్మకి నాకంటే బాగా తెలుసు. అయినా ఇంటి ఫోను అందుకుని పహిల్వాన్ గారింటికి చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. మళ్ళీ ఎంగేజ్.

"పోయింది ఆయనేనేమోనే, అందుకే అందరూ చేస్తున్నట్టున్నారు," అంది. ఆ మాటలో ఆశ వినిపించింది. వెంటనే చెంగుతో నోరు నొక్కుకుంది.

ఫోను పెట్టగానే మోగింది. పహిల్వాన్ గారి భార్య. ఆవిడది పెద్ద గొంతు, పక్కనున్న నాకు అన్నీ వినిపిస్తాయి.

"చెల్లీ, ఇందాకటినుంచీ మీకే చేస్తున్నాను, ఎంగేజ్ వస్తోంది. మీ ఆయన ఇంట్లోనే ఉన్నారా?"

"లేరక్కా, కచేరీకి వెళ్ళారు. మీ ఆయన?"

"పోటీలకి వెళ్ళారు. ఎత్తడం లేదు."

"దేవుడా, మా ఆయన..." అని మొదలుపెట్టి అమ్మ ఆపేసింది. నాన్న బతకాలని కోరుకుంటే ఆ చావు అవతలావిడ మొగుడి మీదికే పోతుందని తోచినట్టుంది. అటునుంచీ అలాంటి సగం మాటే వినిపించి ఆగిపోయింది. దణ్ణం పెట్టుకోవడానికి కూడా వీల్లేని కష్టం పగవాడిక్కూడా వద్దు.

"పెట్టెయ్యకు చెల్లీ."

"పెట్టనక్కా."

అప్పుడు నా సెల్లు మోగింది. "కచేరీ బ్రహ్మాండంగా జరిగిందే! అన్నిసార్లు చేశారేమిటి?"

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "నాన్నా!" అని అరిచేశాను.

అమ్మ చెయ్యి నా నోటి మీద పడింది. అప్పటికే ఇంటి ఫోనులో ఆవిడ వినేసింది. ఆవిడకి చావు కబురు చెప్పింది నా అరుపే.

"మీ ఆయనేనా?" అంది ఆవిడ. నేను వంగి చెవి పెడితే గానీ వినిపించలేదు.

అమ్మ చెయ్యి ఇంకా నా నోటి మీదే ఉంది.

"ఏమిటే, ఎవరూ మాట్లాడరేం?" అంటున్నాడు నాన్న.

"మాట్లాడు చెల్లీ," అంది ఆవిడ. "అన్నం తిన్నారో లేదో అడుగు."

అమ్మ నా సెల్లు వంక చూడనైనా లేదు. ఇంటి ఫోనే రెండు చేతులా చెవికి అదుముకుంది.

"అక్కా, నేను వస్తున్నాను. మీ ఇల్లెక్కడో చెప్పు."