కళ్లు మూసుకున్న ఎన్నిక

వెంకట్రామయ్య మేడగదిలో జంపఖానా పరిచి, ముడతలు కాలితో సరిచేస్తున్నాడు. వారమంతా తెనాలి బజారులో చొక్కాలు కుట్టే ఈ మనిషికి ఆదివారం వస్తే ప్రాణం లేచొస్తుంది. ఎమర్జెన్సీ రోజుల్లో, అందరి తరఫునా ఒక్కరే ఆలోచిస్తే పోలేదా అని జనం అంటున్నప్పుడు, కాదని నలుగురూ కలిసి పెట్టుకున్న ఆదివారం చర్చావేదిక ఇది. ముప్పై ఏళ్లుగా కార్యదర్శి ఆయనే. ఏటా ఏకగ్రీవం. ఎన్నిక మాట ఎవరైనా ఎత్తితే, "మీకెందుకండీ శ్రమ, నేను చూసుకుంటాగా" అనేవాడు.

ఈ ఏడాది బాపట్ల నుంచి శ్రీవల్లి రావడం మొదలుపెట్టింది. కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమె నోరు విప్పితే అందరూ ముందుకు వంగి వింటారు. అది చూస్తే వెంకట్రామయ్యకు ఒళ్లు మండుతుంది. తను మాట్లాడేటప్పుడు ఆవలించేది వీళ్లే కదా!

ఆ రోజూ అంతే.

"నియంత తుపాకీ పట్టుకునే రానక్కర్లేదండి," అంది శ్రీవల్లి. "మీకెందుకు శ్రమ, అన్నీ నేను చూసుకుంటానంటూ కూడా వస్తాడు. మనం హమ్మయ్య అనుకుంటాం. అక్కడే మొదలవుతుంది."

ఎవరూ తనవైపు చూడలేదు. అయినా వెంకట్రామయ్య చెవులు వేడెక్కాయి. ఇంత మంచి మాట తనకెందుకు తట్టలేదా అని ఇంకా ఉడుక్కున్నాడు.

రేపల్లె నుంచి వచ్చే పాత స్నేహితుడు ప్రకాశరావు గొంతు సవరించుకున్నాడు. "ఈసారి శ్రీవల్లి గారి పేరు కూడా పెడదాం, రామయ్యా. పోటీ ఉంటే తప్పేంటి?"

ఓటు వేసే పద్ధతి వెంకట్రామయ్య పెట్టిందే. ఎవరు ఎటు మొగ్గారో పక్కవాడికి తెలియకూడదని, ఆ భయం రోజుల్లో ఏ తీర్మానానికైనా అందరూ కళ్లు మూసుకుని చేతులెత్తేవారు. లెక్క చూసేది కార్యదర్శి ఒక్కడే.

అందరూ కళ్లు మూసుకున్నారు. వెంకట్రామయ్య ముందు తన పేరు చెప్పాడు. రెండో మూడో చేతులు లేచాయి. శ్రీవల్లి పేరు చెప్పాడు. గదంతా చేతులే. ప్రకాశరావు చెయ్యి అందరికన్నా పైన ఉంది.

వెంకట్రామయ్య ఆ చేతులన్నీ చూశాడు. ఈ గది ఊడ్చింది తను, మనుషుల్ని పోగుచేసింది తను. ఇప్పుడు తనేం చెబితే అదే ఫలితం. తన పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తనను నమ్మి మూసుకున్న ఆ కళ్లను చూసి దాన్ని మింగేశాడు.

"చేతులు దించకండి. కళ్లు తెరవండి," అన్నాడు చివరికి. "మీరే లెక్కపెట్టుకోండి."

ప్రకాశరావు సిగ్గుపడి చెయ్యి దించబోయాడు.

"దించకురా," అన్నాడు వెంకట్రామయ్య. కుళ్లు ఇంకా పోలేదు.

"టీ తాగి వెళ్దురుగాని, బాబాయి గారూ," అంది శ్రీవల్లి.

"పనుందమ్మా."

చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. కిటికీలో ఆయన ఇంటినుంచి తెచ్చిన ఫ్లాస్కు ఉంది. శ్రీవల్లి మూత తీసింది. అందరికీ సరిపడా అల్లం టీ, ఇంకా పొగలు కక్కుతోంది.