కంఠతా వచ్చిన అక్షరాలు

మా అన్నయ్యకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. లోకంలోని చూపులన్నీ తన చేతి మీదుగానే బాగుపడుతున్నాయన్న నమ్మకం కూడా ఉంది. దుకాణంలో దుమ్మునైనా దులపవచ్చు గానీ ఆ నమ్మకాన్ని ఎవరూ కదిలించలేరు.

అతని కూతురు నాలుగో తరగతి. పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదువుతుంది. దూరం నుంచి ఎవరైనా పిలిస్తే కళ్లు చికిలించి, తల పక్కకు వంచి చూస్తుంది. సాయంత్రానికి తలనొప్పి అంటుంది. బోర్డు మీది లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటోందనీ, సోమవారం నుంచి వెనకబడిన పిల్లల గదికి మారుస్తామనీ పంతులమ్మ కబురు పంపింది. ఆ గదికి వెళ్లిన పిల్లలు తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

"దాని కళ్లు పరీక్ష చెయ్యి అన్నయ్యా," అన్నాను.

"నా కూతురి కళ్ల సంగతి నాకు తెలీదా? వేసవిలోనే చూశాను. చివరి వరుస దాకా గడగడా చదివింది. దానికి లేనిది చూపు కాదే, శ్రద్ధ."

"ఇంకోసారి చూస్తే నీ సొమ్మేం పోయింది?"

"సరే, నీ ముచ్చటెందుకు కాదనాలి. రావే మొద్దూ."

పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి ఒక కన్ను మూయించాడు. ఎదుటి గోడ మీద అక్షరాల పటం ఉంది. "కింది వరుస చదువు," అని, తాను ఎవరిదో కళ్లజోడుకు మర బిగించడంలో పడ్డాడు.

"గ, ప, ట, ల, న," అంది పిల్ల.

"విన్నావా?" అన్నాడు నాతో, తల ఎత్తకుండానే.

విన్నాను. చూశాను కూడా. కింది వరుసలో ఆ అక్షరాలలో ఒక్కటీ లేదు. పాత పటం చిరిగిపోయిందని అద్దాల కంపెనీ మనిషి ఆ ఉదయమే కొత్తది తెచ్చాడు. వంకర లేకుండా దగ్గరుండి తగిలింపజేసినవాడు మా అన్నయ్యే.

"ఒక్కసారి గోడకేసి చూడు," అన్నాను.

"నేను చూడాలా? నిద్రలో లేపినా చెబుతాను."

"అదీ అలాగే చెప్పింది."

అప్పుడు చూశాడు. చాలాసేపు చూశాడు.

"పాతది తీసేశారా నాన్నా?" అంది పిల్ల. "ఇక్కడ హోంవర్కు చేసుకుంటుంటే కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లందరూ అదే చదివేవాళ్లు కదా, నాకూ వచ్చేసింది. తప్పు చెబితే నువ్వు తిడతావని..."

నన్ను నేను మెచ్చుకోవలసిందేమీ లేదు. ఆ పటం నాకు కంఠతా రాదు గనకే దానివైపు చూశాను. తెలుసుననుకున్నవాడికి కళ్లతో పని ఉండదు. మా అన్నయ్య ఏళ్ల తరబడి కళ్లు లేకుండానే కళ్లు పరీక్షిస్తున్నాడు.

వరుసగా అద్దాలు మార్చి చూశాడు. మూడో జతకు పిల్ల కొత్త పటంలోని కింది వరుసను ఒక్కో అక్షరం తడుముకుంటూ చదివింది. అతను క్షమించమని అడగలేదు. ఫోను తీశాడు.

"పంతులమ్మగారూ, అమ్మాయికి దూరపు చూపు తక్కువండీ. నాకు ముందునుంచీ అనుమానమే. ఈ వృత్తిలో ఉన్నవాణ్ణి కదా, ఇట్టే పట్టేశాను. రేపటి నుంచి కళ్లజోడుతో వస్తుంది. గది మార్చకండి."

అటువైపు ఆవిడ ఏవో పొగడ్తలు చెప్పినట్టుంది. "అబ్బే, అదెంత పని," అన్నాడు వినయంగా.

పిల్ల నావైపు చూసింది. నేను నోరు విప్పితే అతని పరువు పోయేది, అతని పరీక్షను పంతులమ్మ నమ్మక పిల్ల గది సంగతి మళ్లీ మొదటికొచ్చేది. ఊరుకున్నాను. గది మారలేదు. అన్నయ్య మీద నాకున్న అభిప్రాయం కూడా మారలేదు.