కనుమ నడినెత్తి

రోడ్డు పక్క కాలువ పలక కిందికి పార దూర్చి, మోకాలు ఆనించి, ఒక్క ఊపుతో పూడికను గట్టున పడేసింది కాలవమ్మ. కుళ్ళిన ఆకులు, కంకర, ఎవరో చంటిపిల్ల మేజోడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. నిటారుగా నిలబడినా నడుము సగం వంగే ఉంటుంది. మడమల పగుళ్ళలో చేరిన నలుపు ఏ సబ్బుకీ లొంగలేదు. ఈ రోజుతో ఉద్యోగం సరి. నాలుగు గంటల బస్సులో కూతురి దగ్గరికి దిగిపోతుంది.

ఆ ఊళ్ళో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు, దిగుతారు. రెండు కొండల నడుమ కనుమ మీద కూర్చున్న ఊరు మరి, ఏ గడప దాటినా పల్లమే. పెళ్ళిళ్ళకి దిగుతారు, ఆసుపత్రికి దిగుతారు. కొత్త మనిషి కనబడితే ఎటు నుంచి ఎక్కారని అడుగుతారు. వెనకటికి ఒక వైపు నుంచి ఉప్పు, ఇంకో వైపు నుంచి ఉన్ని కంచరగాడిదల మీద ఎక్కించుకొచ్చి, ఇక్కడ సరుకు మార్చుకుని, ఎవరి దారిన వాళ్ళు దిగిపోయేవాళ్ళు. వాళ్ళు విడిపోయే చోట ఒక రాయి ఉండేదట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది కాస్తా కంకరలో కలిసిపోయింది. ఎక్కడుండేదో ఖాయంగా తెలిసిన తాత ఇంటికొకడున్నాడు. ఏ ఇద్దరు తాతలకీ పొసగదు.

ఇప్పుడు కొత్త రాయి వచ్చింది. 'ఇక్కడి నీళ్ళు రెండు సముద్రాలకు' అని చెక్కించారు. పెద్ద ఇంజనీరు మూడు రోజులు కొలిచి, నీళ్ళు రెండుగా చీలే నడినెత్తి ఇదేనని బస్టాండు దగ్గర, హోటలు ముందు సున్నంతో గుర్తు పెట్టాడు. హోటలాయన కాలు నేల మీద నిలవడం లేదు.

ఆ గుర్తు చూసి కాలవమ్మ పార దించేసింది. ఆమె నోరున్న మనిషి కాదు. ఇన్నేళ్ళలో ఏ అధికారితోనైనా ఆమె ఆడిన అతి పొడుగు మాట 'అలాగేనండి'. కానీ ఈ ఊళ్ళో అందరికంటే తనకు బాగా తెలిసింది ఒకే ఒక్క సంగతి. దాన్ని కూడా తప్పుగా పాతేస్తుంటే చూస్తూ దిగిపోవాలా?

"ఇక్కడ కాదండి," అంది.

ఇంజనీరు తల తిప్పాడు. "ఏంటమ్మా?"

"నడినెత్తి ఇది కాదు. దర్జీ కొట్టు ముందు."

"మిషన్ పెట్టి చూశాం కదా. ఊరంతట్లో ఇదే ఎత్తు."

"ఎత్తేలెండి, మా కళ్ళముందే పెంచారు. బస్సులు కూరుకుపోతున్నాయని పొర మీద పొర తారు పోశారు. మీరు కొలిచింది కొండని కాదు, తారుని."

రాయి పక్కన సిమెంటు గమేళా పట్టుకుని నిలబడ్డ మేస్త్రీ కిసుక్కున నవ్వాడు. హోటలాయనకి ఒళ్ళు మండింది.

"నీ పని నువ్వు చూసుకో కాలవమ్మా, సాయంత్రం దిగేదానివి!"

"నా పనే చూస్తున్నానన్నా. ఇక్కడ పూడిక అంతా ఒకే వైపు కొట్టుకుపోతుంది. అక్కడ రెండు వైపులా తియ్యాలి. నా నడుమునడుగు, చెప్తుంది."

ఇంజనీరు ఆమె వైపు నడిచాడు. "సరే, చూపించు."

బస్టాండు పలక ఎత్తి బకెట్ నీళ్ళు గుమ్మరించారు. చుక్క మిగలకుండా అన్నీ పడమటికి జారిపోయాయి. దర్జీ మెడలో టేపుతోనే ఇంకో బకెట్ నింపుకొచ్చాడు. అతని మెట్టు ముందున్న పలకను కాలవమ్మ గడ్డపారతో తనే లేపింది. కింద సిమెంటు లేదు, వట్టి కొండరాయి. నీళ్ళు పడ్డాయి. ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు కాసేపు అక్కడే తిరిగాయి. తర్వాత సగం ఇటు, సగం అటు పరుగెత్తాయి. జనం కేకలేస్తూ రెండుగా చీలి నీళ్ళ వెంట పడ్డారు. మేస్త్రీ గమేళా వాయించాడు.

ప్యాంటు తడిసేది చూసుకోకుండా ఇంజనీరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాలాసేపు చూసి తలెత్తాడు.

"ఎక్కడ పెట్టించమంటారో మీరే చెప్పండమ్మా."

మీరట! ఆమెకు పట్టరాని సంతోషం వేసింది, దాచుకోనూ లేదు, నోరారా నవ్వింది. బురద కాలు కాలువ గట్టు మీద ఆనించి, "ఇదిగో," అంది.

మూడున్నరకల్లా రాయి నిలబడింది. ఓడిపోయిన మొహంతో హోటలాయన స్వయంగా టీ తెచ్చి అందించాడు. "తాగు, దారిలో చలి," అన్నాడు ఎటో చూస్తూ. ఆమె నిలబడే తాగింది.

"ఎటు దిగుతున్నావక్కా?" దర్జీ అడిగాడు.

"తూర్పుకి. అమ్మాయి అటే కదా."

బస్సు హారన్ కొట్టింది. సంచీ చంకన పెట్టుకుని ఎక్కి కూర్చుంది. మొదటి మలుపు తిరగ్గానే బస్సు కనుమరుగైంది.

రాయి మీద ఖాళీ టీ గ్లాసు ఉంది, చుట్టూ బురద వేళ్ళ గుర్తులతో. హోటలాయన దాన్ని కడగడానికి తీయించలేదు.