రిమోట్ ముట్టని ఆదివారాలు

ఆదివారం సాయంత్రం డ్రయర్‌లోంచి తీసిన బట్టలు సోఫా మీద పోసుకుని మడతలు పెట్టడం మా ఇంట్లో నా పని. టీవీ చూడటం మిగతా ఇద్దరి పని. నేనూ చూస్తాను గానీ నాది చూడటం కింద లెక్కకు రాదు, ఎందుకంటే నాకు అక్కడ ఇంకో ఉద్యోగం ఉంది. తెర మీద ఎవరైనా ఎవరికైనా మరీ దగ్గరగా జరిగితే మా ఆయన రవిశంకర్ గొంతు సవరించుకుంటాడు. నేను లేచి, "ఎవరికైనా మంచినీళ్ళు కావాలా?" అంటూ టీవీకి అడ్డంగా నిలబడి, ఆ సీను అయ్యేదాకా ఏ దుప్పటో దులుపుతూ ఉండాలి. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నేర్పిన విద్య ఇది. ఆవిడ ఒళ్ళున్న మనిషి, తెర మొత్తం కప్పేసేది. నేను సన్నం. "అడ్డం నిలబడటం కూడా సరిగ్గా రాదు నీకు" అని మాటపడ్డాను కూడా.

ఇద్దరు మగవాళ్ళో, ఇద్దరు ఆడవాళ్ళో దగ్గరైతే నా నిలబడటం సరిపోదు. రవే రిమోట్ అందుకుని ఛానెల్ మార్చేస్తాడు. "ఇళ్ళల్లో పిల్లలుంటారన్న జ్ఞానం కూడా లేదు వెధవలకి" అంటాడు. మన సినిమాల్లో నడుం తిప్పుకుంటూ వచ్చిన మగవాణ్ణి హీరో చెంపమీద కొడితే మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతాడు. మా వర్షిణి తొమ్మిదేళ్ళప్పుడు, "వై ఆర్ దే లాఫింగ్, అమ్మా?" అని అడిగింది. "కామెడీ, అమ్ములూ" అన్నాను. ఇంతకంటే తెలివైన జవాబు నా దగ్గర లేకపోయింది.

ఆడవాళ్ళలో అలాంటివాళ్ళయితే మా కాలం సినిమాల్లో నవ్వుకోవడానికి కూడా లేరు. గుంటూరు హాస్టల్లో రత్నావళి నాకు జడ వేస్తూ వేస్తూ చెయ్యి మెడ మీద అలాగే ఉంచేసేది. నేను ఊపిరి బిగపట్టి కూర్చునేదాన్ని, ఎక్కడ తీసేస్తుందోనని. దానికి పేరేమిటో నాకు ఏ సినిమా చెప్పలేదు. స్నేహం అనుకున్నాను. రత్నావళి పెళ్ళయి వెళ్ళిపోయాక అన్నం సయించక జ్వరం తెచ్చుకుంటే, వార్డెను పరీక్షల భయమంది. నేనూ అదే అనుకుని మందు మింగాను.

అలా ఛానెల్ మార్చేసే రవి కిందటి నెల నుంచి రిమోట్ ముట్టుకోవడం లేదు.

వర్షిణికి పంతొమ్మిది. ఇక్కడే మా ఊరు రెజైనాలో యూనివర్సిటీ రెండో సంవత్సరం. ఒక రేవు ఊళ్ళో బేకరీ నడుపుకునే ఇద్దరు ఆడవాళ్ళ సిరీస్ ఒకటి తనే పెట్టింది. పెట్టి తండ్రి వైపు ఓరగా చూసింది. పిండి చేతులతోనే వాళ్ళిద్దరూ దగ్గరయ్యే సీను వచ్చింది. గొంతు సవరింపు వినబడకపోయినా అలవాటు కొద్దీ నేను లేచాను.

"కూర్చో నీరజా, అడ్డం రాకు. పిల్ల చూస్తోంది కదా" అన్నాడు రవి, ఎంతో మెత్తగా.

వర్షిణి మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం భయమేసింది. అతని అరుపులు నాకు తెలుసు, వాటికి భయపడను. మెత్తదనం అలా కాదు. ఈ దేశం వచ్చిన కొత్తలో స్కూల్ బస్ నడపడం నేర్చుకుంటానని అన్నాను. అప్పుడూ ఇలాగే టీ కలిపి తెచ్చి పక్కన కూర్చున్నాడు. "ఎవరు చెప్పారు నీకు? చంద్రకళా? మంచిదే. ట్రైనింగ్ ఎక్కడ? ఎవరితో మాట్లాడావు?" అని ఒక్కొక్కటే ఓపిగ్గా అడిగాడు. నా మొగుడంతటి మంచివాడు లేడనుకుని పూసగుచ్చినట్టు చెప్పాను. తర్వాత నా స్నేహితురాలు చంద్రకళ మా ఇంటికి రావడం మానేసింది. ట్రైనింగ్ వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. మా నాన్న గుంటూరు నుంచి ఫోన్ చేసి "కాపురం చూసుకో తల్లీ" అన్నాడు. రవి ఎవర్నీ ఒక్క మాట అనలేదు. నేను చెప్పిన ప్రతి తలుపూ వెతుక్కుంటూ వెళ్ళి మూసి వచ్చాడంతే.

ఇప్పుడు అదే ఓపిక కూతురి మీద. ప్రతి ఆదివారం పాప్‌కార్న్ తనే చేసి తెస్తాడు. "ఆ బేకరీ పిల్ల తన సంగతి ముందు ఎవరికి చెప్పిందమ్మా, తల్లికా?"

"నో నాన్నా, ఫాదర్‌కి. హీ వాజ్ సో స్వీట్ అబౌట్ ఇట్."

"మంచి తండ్రి" అన్నాడు రవి, గిన్నె ఆమె వైపు జరుపుతూ.

వర్షిణి స్నేహితురాలు లారా. ఆ పేరు పలికేటప్పుడు నా కూతురి గొంతు ఒక మెట్టు దిగుతుంది. చెప్పకపోయినా నాకు తెలుసు. తెలిసినట్టు తనకి తెలియనివ్వలేదు. తనే చెప్పే రోజు కోసం చూస్తున్నాను. కానీ మొన్న మంచులో తనను యూనివర్సిటీ దగ్గర దింపుతూ ఉండబట్టలేక, "నాన్న అడిగాడు కదా అని అన్నీ చెప్పెయ్యకు, అమ్ములూ" అన్నాను.

"అన్నీ అంటే?" అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "అట్‌లీస్ట్ హీ ఈజ్ ట్రయింగ్, అమ్మా. నువ్వు ఎప్పుడూ టీవీకి అడ్డం నిలబడేదానివి" అంది.

పుట్టినప్పటి నుంచి దాని కళ్ళకీ తెరకీ మధ్య నిలబడింది నేనే మరి.

ఇవాళ బట్టలకోసం బేస్‌మెంట్‌లోకి దిగాను. డ్రయర్ ఆగిపోయింది. పక్క గదిలో రవి తన అక్క పద్మిని వదినతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. రాజమండ్రిలో అప్పుడే తెల్లారుతుంటుంది. వచ్చే నెలలో వాళ్ళ కొత్త ఇంటి గృహప్రవేశం, ముగ్గురం వెళుతున్నాం. స్పీకర్‌లో వదిన గొంతు స్పష్టంగా వినబడింది.

"చదువుకునే పిల్లని ఊరికే అనుమానించి ఇక్కడ వదిలేస్తానంటే ఎలారా? తప్పు కదూ!"

"అనుమానం కాదక్కా. ఇవాళ దాని నోటితోనే చెప్పిస్తాను. ఫోన్ పెట్టెయ్యకు, పక్కన పెట్టుకుని విను. నేను గద్దించి అడిగితే పారిపోతుంది. తనంతట అదే చెబితే ఇక మాట మార్చలేదు. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంటుంది. అక్కడికి వచ్చాక నువ్వు చెప్పిన సంబంధం, ఆ తారక్ వాళ్ళతో మాట ఖాయం చేసేద్దాం. వాళ్ళకి ఇవన్నీ చెప్పక్కర్లేదు."

"నా చెవులతో నేను వింటే సరే. అలాంటిదేదైనా ఉంటే పెళ్ళి చేసేద్దాం. పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయి."

నేను బుట్ట ఎత్తుకుని మెట్లెక్కాను. పైన వర్షిణి అప్పటికే సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, ఒళ్ళో దిండుతో, మొహం నిండా ఏదో నిర్ణయంతో. "అమ్ములూ, ఒకసారి వంటింట్లోకి రా" అన్నాను. "లేటర్ అమ్మా, ప్లీజ్" అంది. వెనకే రవి వచ్చేశాడు. ఫోన్ బోర్లించి సోఫా చేతి మీద పెట్టాడు. పాప్‌కార్న్ గిన్నె మధ్యలో పెట్టాడు. ఎపిసోడ్ మొదలైంది.

తెర మీద బేకరీ అమ్మాయి తండ్రి కూతుర్ని దగ్గరకు తీసుకుని, నువ్వెలా ఉన్నా నా బిడ్డవే అంటున్నాడు. వర్షిణి కళ్ళు తుడుచుకుంది. ఈ కథలు రాసినవాళ్ళ మీద నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. మంచి తండ్రిని చూపించారు, బాగానే ఉంది. ఆ మంచి తండ్రిని చూసి, అచ్చం అలాగే కూర్చుని, అచ్చం అలాగే తల ఊపడం నేర్చుకునే తండ్రులుంటారని ఒక్క ఎపిసోడ్‌లోనైనా చెప్పొద్దూ?

రవి టీవీ ఆపాడు. "ఒక్కటి అడగనా తల్లీ? నీకు తెలిసినవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా? భయం లేదు, నాన్నకు చెప్పు."

వర్షిణి నోరు తెరిచింది. దాన్నిప్పుడు చెయ్యి పట్టుకుని లాక్కెళితే, అడ్డం నిలబడే అమ్మనే మళ్ళీ. ఫోన్‌లో కాల్ ఉందని అరిస్తే, ఉందని ఒప్పుకుని నవ్వేస్తాడు, అడగాల్సింది రేపు అడుగుతాడు. ఎవరో ఒకరు జవాబు చెప్పేదాకా ఆ ప్రశ్న ఈ ఇంట్లోంచి కదలదు.

"ఉన్నారండీ" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నేనున్నాను. ఆ పిల్ల పేరు రత్నావళి. హాస్టల్లో నా రూమ్మేటు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇష్టమంటే ఏమిటో నాకు తెలిసింది ఆ ఒక్కసారే."

ఇన్నేళ్ళలో నేనెప్పుడూ పైకి అనని పేరు. అన్నాక నా గొంతు కూడా ఒక మెట్టు దిగిందని నాకే వినబడింది. వర్షిణి, "అమ్మా?" అంది, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు. రవి మొహంలో చిరునవ్వు చెదరలేదు. కళ్ళు మాత్రం నా మీదికి మళ్ళాయి.

"అలాగా" అన్నాడు మెత్తగా. "కూర్చో నీరజా, నిదానంగా చెప్పు. ఎవరామె? ఇప్పుడెక్కడుంటుంది?"

ఆ మెత్తదనం నా కూతుర్ని వదిలి నా దగ్గరికి వచ్చింది. రానీ. నేను కూర్చోలేదు. చెయ్యి చాచి సోఫా మీది ఫోన్ తీసి తిప్పాను. పద్మిని అక్క అన్న పేరు, దాని కింద నడుస్తున్న కాల్ వర్షిణికి కనబడేలా పట్టుకున్నాను. నా కూతురు ఆ పేరు చదివింది, తండ్రి మొహం వైపు చూసింది, దిండు గుండెలకి గట్టిగా హత్తుకుంది. ఇక నేను దానికి వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

స్పీకర్ నొక్కాను. అవతల కుక్కర్ కూత వినబడింది.

"వదినా, నేను నీరజని. వర్షిణి గృహప్రవేశానికి రావడం లేదు. పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయని అన్నారు కదా, నాకూ చేశారు వదినా, మీ తమ్ముడితోనే. ఇరవై మూడేళ్ళయింది. ఏదీ సర్దుకోలేదు."